లంక త్రీ చెప్పిన పదో మనిషి

దయ్యాల గురించి నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. వాటి మీద నాకు నమ్మకం లేదు, అలాగని ప్రత్యేకంగా కోపమూ లేదు. మా నాన్నగారు అత్తిలిలో పౌరోహిత్యం చేస్తారు. దేవుళ్ళ వ్యవహారమంతా ఆయనే చూసుకునేవారు. దయ్యాలను చూసుకునే మనిషి మా ఇంట్లో ఎవరూ లేరు కాబట్టి ఆ సెక్షన్ ఖాళీగానే ఉండిపోయింది. నేను తాడేపల్లిగూడెంలో బీఎస్సీ ఎలక్ట్రానిక్స్ చదివాను. ఎక్కడైనా శబ్దం వచ్చిందంటే దాని వెనక ఒక వైరు ఉంటుందని అక్కడ నేర్పారు. తర్వాత వైర్‌లెస్‌లో ఉద్యోగం వచ్చింది, అది వేరే సంగతి.

పన్నెండేళ్ళుగా పోలీసు కంట్రోల్ రూమ్‌లో సెట్ దగ్గర కూర్చుంటున్నాను. ఇల్లు ఏలూరులోనే. ఏ కంట్రోల్ రూమ్, ఏ అధికారి అనేవి మాత్రం చెప్పను. పేర్లు మార్చాను. ఇది ఎవరి మీదా ఫిర్యాదు కాదు. ఫిర్యాదు ఉంటే గింటే నా మీదే ఉండాలి, ఎందుకో కిందకి వచ్చేసరికి తెలుస్తుంది.

మా పని బయటివాళ్ళు అనుకునేంత సాహసంగా ఉండదు. ఎక్కడో ఏదో జరుగుతుంది. అక్కడున్నవాళ్ళు సెట్‌లో చెబుతారు. మేం రాసుకుని, ఆ పని చేయగలిగినవాళ్ళకి చెబుతాం. కుర్చీలోంచి లేవకుండా పరుగెత్తే ఉద్యోగం.

ఇందులో ఒక నియమం ఉంది. సందేశం విన్నవాళ్ళు దాన్ని మొత్తం తిరిగి చెప్పాలి. ఎక్కడ, ఎంతమంది, ఏం కావాలి. పంపినవాళ్ళు విని "కరెక్ట్" అనాలి. ఆ తర్వాతే లాగ్ బుక్‌లో టైము వేయాలి. ట్రెయినింగ్‌లో దీని కోసం మా ప్రాణాలు తోడేశారు. డ్యూటీలో పడ్డాక అందరం "రోజర్" అనే ఒక్క మాటతో సరిపెట్టేస్తాం. రోజర్ అంటే చెవిన పడింది అని అర్థం, బుర్రకెక్కింది అని కాదు. ఇంట్లో నేను కూరగాయల జాబితా చదువుతుంటే మావారు అనే "ఊఁ" లాంటిది.

ఇంకో నియమం, సెట్‌లో అండి, గారు లాంటివి వాడకూడదు. లైను ఊరికే ఆక్రమించినట్టవుతుంది. మా గోదావరి వైపు మనుషులకి ఇంతకంటే పెద్ద శిక్ష ఉండదు. చేరిన కొత్తలో నెల రోజులు నేను అండిని మింగడంలోనే గడిపాను.

ఆ రోజు వానాకాలంలో ఒక మామూలు పనిరోజు. మామూలు అంటే మూడు రోజులుగా వాన ఆగలేదు, తమ్మిలేరు పొంగింది, కొల్లేరు నిండిపోయి చేపల చెరువుల గట్ల మీదకి వచ్చేసింది. నాది ఉదయం ఆరు నుంచి రెండు దాకా షిఫ్టు. గదిలో నేను, ఫోన్ల దగ్గర హోంగార్డు రత్నకుమారి. పక్క గదిలో మా టెక్నీషియన్ మస్తాన్ గారు. వాళ్ళ నాన్నగారు ఏలూరులో రేడియోలు బాగుచేసే షాపు నడిపేవారు. మస్తాన్ గారికి మనుషుల కంటే సర్క్యూట్ల మీద గౌరవం ఎక్కువ, అందులో తప్పుపట్టడానికేమీ లేదు.

ఆ వైపు మొత్తానికి మాకున్నది ఒకే బోటు. పెదపాడు దగ్గర పెట్టారు. దాని మీద హెడ్ కానిస్టేబుల్ సత్తిబాబు గారు, ఇద్దరు ఈతగాళ్ళు.

పదకొండున్నర దాటాక సెట్ పలికింది.

"కంట్రోల్, లంక త్రీ."

లంక త్రీ అంటే సరస్సు అంచున ఉన్న ఒక ఔట్‌పోస్టు. లోపలి చెరువుల్లోంచి మాట్లాడితే మాకు అందదు. ఆ ఔట్‌పోస్టు సెట్ దాన్ని అందుకుని మాకు చెబుతుంది. కాబట్టి లంక త్రీ పిలవడంలో వింతేమీ లేదు.

సరిగ్గా అప్పుడే ఒక పెద్దమనిషి ఫోన్ నా చేతికి వచ్చింది. ఆయన అపార్ట్‌మెంటు పార్కింగ్‌లోకి నీళ్ళొచ్చాయి, కారు కొత్తది, ఎవరితో మాట్లాడాలి అంటున్నారు. ఒక చెవిలో ఆయన కారు, ఇంకో చెవిలో లంక త్రీ. చెరువుల పేరు, చేపల మేత షెడ్డు దగ్గర తొమ్మిది మంది, చుట్టూ నీళ్ళు, బోటు కావాలి అని రాసుకున్నాను. "రోజర్" అనేసి బోటుని పిలవబోయాను.

"తిరిగి చెప్పలేదండి," అంది సెట్.

మగ గొంతు. తొందర లేదు. కోపమూ లేదు. పన్నెండేళ్ళ సర్వీసులో నన్నెవరూ అలా పట్టుకోలేదు. కారు ఫోన్ పెట్టేసి, రాసుకున్నది చదివాను.

"ఒకటి వదిలేశారండి. రెండో గట్టు, ఇంజిను దిమ్మ మీద ఒకరు. విడిగా ఉన్నారు. తిరిగి చెప్పండి."

చెరువులోకి నీళ్ళు తోడే ఇంజినుకి గట్టు మీద సిమెంటు దిమ్మ కడతారు. అదీ ఇంజిను దిమ్మ. అంటే మొత్తం పదిమంది, రెండు చోట్ల. నేను పదో మనిషిని కారు పార్కింగ్‌లో వదిలేశాను. ఈసారి మొత్తం చెప్పాను.

"కరెక్ట్," అని ఆ గొంతు ఆగిపోయింది.

టైము వేశాను. పదకొండు నలభై. పదకొండు నలభై ఎనిమిదికి బోటుకి చెప్పి, సత్తిబాబు గారి చేత మొత్తం తిరిగి చెప్పించుకున్నాను. సిగ్గుతో వచ్చిన క్రమశిక్షణ చాలా గట్టిగా ఉంటుంది.

అప్పుడు రెండు సంగతులు గమనించాను, కాని పట్టించుకోలేదు. ఒకటి, ఆ మనిషి సెట్‌లో అండి అంటున్నాడు. ఎవరో కొత్తవాళ్ళు అనుకున్నాను. రెండు, ఆ రోజు ఏ సెట్ పలికినా వెనక వాన హోరు వినిపిస్తోంది. ఈ గొంతు వెనక మాత్రం ఏమీ లేదు. వాన లేదు, గాలి లేదు, సెట్‌లో మామూలుగా ఉండే గరగర కూడా లేదు. తలుపులేసుకుని కూర్చున్నాడు, అదృష్టవంతుడు అనుకున్నాను.

బోటు చేరేసరికి ఒంటిగంట దాటింది. బోటుని లారీ మీద తీసుకెళ్ళాలి, సగం దూరం రోడ్డే లేదు. ఒకటీ ఇరవైకి సత్తిబాబు గారు పలికారు.

"కంట్రోల్, బోటు. తొమ్మిది మంది ఎక్కారు. తిరిగొస్తున్నాం."

"పదో మనిషి?"

"పదో మనిషి లేడు. వాచ్‌మన్ ఒకాయన ఉండేవాడంట. గంట కిందటే గట్టు మీదుగా ఊళ్ళోకి వెళ్ళిపోయాడంటున్నారు."

ఇవతల రత్నకుమారి రెండు ఫోన్లూ పట్టుకుని ఉంది. "మేడమ్ గారూ, బడి వాళ్ళు మళ్ళీ చేశారండి. బోటు బయలుదేరిందా అని అడుగుతున్నారు. ఏం చెప్పమంటారండి?"

ఇంకో లంక ఊళ్ళో పద్నాలుగు మంది, పిల్లలతో సహా, బడి స్లాబు మీదకి ఎక్కి ఉన్నారు. తొమ్మిది మందిని దించగానే బోటు అటే వెళ్ళాలి. రెండో గట్టు దానికి పూర్తిగా ఎదురు దిక్కు. అక్కడికి పోయి రావడానికి ఎంత లేదన్నా నలభై నిమిషాలు.

ఇలాంటప్పుడు చేయాల్సింది సులువు. చెప్పినవాణ్ణే మళ్ళీ అడగాలి. లంక త్రీని పిలిచాను. పలకలేదు. మళ్ళీ పిలిచాను. మూడోసారి కూడా పిలిచాక, పక్క గది గుమ్మంలోకి మస్తాన్ గారు టీ గ్లాసుతో వచ్చి నిలబడ్డారు.

"ఎవరిని పిలుస్తున్నావమ్మాయ్?"

"లంక త్రీనండి. ఇందాక మెసేజ్ ఇచ్చి ఇప్పుడు పలకట్లేదు."

"లంక త్రీ నా బల్ల మీద ఉంది కదా."

నేను ఆయన వైపు చూశాను. ఆయన టీ ఒక గుక్క తాగారు.

"మొన్న సాయంత్రం తెచ్చి పడేశారు. పవర్ బోర్డు కాలిపోయింది. బదులివ్వడానికి వేరే సెట్ లేదన్నాను. పొట్ట విప్పి పెట్టాను, వచ్చి చూసుకో."

వెళ్ళి చూశాను. వెనక మూత తీసి ఉంది. బోర్డు ఒక పక్కన, స్క్రూలు ఒక మూతలో, మైకు కిటికీలో. పైన ఆయన చేతిరాతతో అట్టముక్క కట్టి ఉంది: లంక 3.

"ఇది ఇప్పట్లో మాట్లాడదమ్మా," అన్నారాయన. "కనీసం దగ్గదు కూడా."

ఇక్కడ నేను ధైర్యం చూపించానని రాసుకుంటే బాగుండేది. నిజానికి వచ్చి కుర్చీలో కూర్చుని, లాగ్ బుక్‌లో రాసింది మళ్ళీ చదివాను. నా దగ్గర ఉన్నది, మూత విప్పిన సెట్ నుంచి వచ్చిన మెసేజ్. దానికి ఎదురుగా, అక్కడి నుంచే బోటెక్కిన తొమ్మిది మంది సాక్ష్యం. నేను పొరపాటు పడితే పిల్లలు నలభై నిమిషాలు ఎక్కువ వానలో ఉంటారు. పొరపాటు పడకపోయి నోరు మూసుకుంటే ఒక మనిషి పోతాడు.

"రత్నా, బడి దగ్గర నీళ్ళు ఎంతవరకూ ఉన్నాయో అడుగు. స్లాబు మీద అడుగు తడుస్తోందా లేదా, ఆ ఒక్కటీ అడుగు."

అడిగింది. "మెట్ల మీద నాలుగోదాకా అంటండి. స్లాబుకి ఇంకా తొమ్మిది మెట్లున్నాయంట. పొద్దుటి నుంచీ ఒక్క మెట్టే పెరిగిందంటున్నారు."

అంటే వాళ్ళకి టైముంది. పదో మనిషి ఉంటే అతనికి ఉందో లేదో తెలియదు. ఆ మెసేజ్ ఎవరిచ్చారో నాకు తెలియదు. కాని నేను దాన్ని పూర్తిగా తిరిగి చెప్పాను, అటువైపు కరెక్ట్ అన్నారు. మా పనిలో అంతకంటే గట్టి సాక్ష్యం వేరే ఉండదు.

"బోటు, కంట్రోల్. రెండో గట్టుకి వెళ్ళండి. ఇంజిను దిమ్మ చూడండి. ఒకరు ఉన్నారు."

"మేడమ్, వీళ్ళంతా నెత్తీ నోరూ కొట్టుకుంటున్నారు ఎవరూ లేరని! ఇక్కడ నీళ్ళ వడి చూస్తే చాలా ఎక్కువగా ఉంది. తొమ్మిది మందిని వేసుకుని అటు ఎలా వెళ్ళను? అసలు మీకు ఎవరు చెప్పారు?"

"తొమ్మిది మందినీ మేత షెడ్డు పైనే ఉంచి వెళ్ళండి, ఒక ఈతగాణ్ణి తోడుంచండి. మెసేజ్ ఉంది. తిరిగి చెప్పండి."

ఎవరు చెప్పారనే ప్రశ్నకి నేను జవాబివ్వలేదని మీరు గమనించే ఉంటారు. ఆయన కూడా గమనించారు. తర్వాత ఒక్కో మాటా విడివిడిగా, ఎవరో రాసిచ్చిన కట్టుకథ ఒప్పజెప్పే సాక్షిలాగా తిరిగి చెప్పారు.

తర్వాత ముప్పై రెండు నిమిషాలు నేను చేసిన పని సెట్ వైపు చూడడం. మస్తాన్ గారు తన గదిలోకి వెళ్ళలేదు. రత్నకుమారి బడి వాళ్ళతో మాట్లాడుతూనే ఉంది. పిల్లల పేర్లు అడుగుతోంది, ఏ క్లాసో అడుగుతోంది. నేను చెప్పకుండానే ఆ పని మొదలెట్టింది.

"కంట్రోల్, బోటు."

"చెప్పండి."

"రెండో గట్టు. ఇంజిను దిమ్మ. ఒకరు..." ఇక్కడ ఆయన ఎందుకాగారో తర్వాత అడిగితే, మైకు తడిగా ఉందన్నారు. "ఉన్నారు. ప్రాణంతో ఉన్నారు."

మస్తాన్ గారు గ్లాసు కింద పెట్టారు. అది అరగంట నుంచీ ఖాళీగానే ఉంది.

వాచ్‌మన్ పేరు ఏసోబు గారు, అరవై దాటిన మనిషి. రెండు పక్కలా గట్టు తెగిపోయింది. దిమ్మ మీద నిలబడితే ఛాతీ దాకా నీళ్ళు. ఇంజిను గొట్టానికి తువ్వాలుతో తనను తాను కట్టేసుకున్నారట. ఫోన్ నీళ్ళలో పడిపోయింది, అరిచి అరిచి గొంతు పోయింది. సాయంత్రం నాలుగున్నరకల్లా మేత షెడ్డు వాళ్ళు తొమ్మిది మందీ, బడి మీద వాళ్ళు పద్నాలుగు మందీ గట్టెక్కారు. పిల్లల్లో ఒకడు బోటు దిగనని ఏడ్చాడట. ఆ రోజు మా మీద వచ్చిన ఫిర్యాదు అదొక్కటే. కారాయన మళ్ళీ ఫోన్ చేయలేదు.

ఆ సాయంత్రం నేనూ మస్తాన్ గారూ రికార్డరు తిప్పి విన్నాం. సెట్‌లో వచ్చే ప్రతి మాటా దాంట్లో పడుతుంది. పదకొండు నలభై దగ్గర నా గొంతు ఉంది. "రోజర్" ఉంది. తర్వాత ఖాళీ. తర్వాత నేను చదవడం. మళ్ళీ ఖాళీ. మళ్ళీ నేను చదవడం, ఈసారి పదో మనిషితో సహా. అటువైపు గొంతు ఎక్కడా లేదు. దానికి ముందూ వెనకా వచ్చిన మిగతా సెట్లన్నీ వాన హోరుతో సహా శుభ్రంగా ఉన్నాయి.

మస్తాన్ గారు రెండుసార్లు విన్నారు. "ఎవరో ఎదురుగా ఉన్నట్టే మాట్లాడావమ్మాయ్," అన్నారు. ఆ తర్వాత రెండు రోజులు యాంటెనా నుంచి మా సెట్ దాకా ప్రతి జాయింటూ విప్పి చూశారు. ఏమీ దొరకలేదు. దొరకనందుకు ఆయన చాలా బాధపడ్డారు.

రత్నకుమారిని అడిగాను. నేను తిరిగి చెప్పడం వినిపించిందట. సెట్‌లో వచ్చింది ఫోన్ల గోలలో తను వినలేదట.

సరే, పని ఒత్తిడిలో నేనే ఊహించుకున్నాననుకుందాం. నేను ఈ మాట ముందే అనుకున్నాను, మీరు కష్టపడక్కర్లేదు. కాని ఊహకి చెరువుల పేరు, తొమ్మిది అనే అంకె, రెండో గట్టు ఎలా తెలుస్తాయి? నేను ఆ చెరువుల్ని ఇప్పటికీ చూడలేదు. ఆ ఉదయం అక్కడున్నవాళ్ళెవరూ పోలీసులకి ఫోన్ చేయలేదు. ట్రాక్టరు వస్తుందని ఎదురుచూస్తూ కూర్చున్నారట. ఔట్‌పోస్టు కానిస్టేబుల్ అసలు ఆ వైపే వెళ్ళలేదు.

నాలుగో రోజు అందరి వాంగ్మూలాలూ తీసుకున్నారు. అప్పుడు అసలు సంగతి బయటపడింది.

ఏసోబు గారు ఉదయం నుంచీ మిగతా తొమ్మిది మందితో పాటు మేత షెడ్డులోనే ఉన్నారు. తాడేపల్లిగూడెంలో ఉండే చెరువు యజమాని ఫోన్ చేసి, రెండో గట్టు మీద ఇంజినుకి టార్పాలిన్ పట్టా కప్పి, అటునుంచి అటే ఇంటికి పొమ్మన్నారు. అందుకని ఆయన బయలుదేరారు. ఆయన దిమ్మ దగ్గరికి వెళ్ళాక గట్టు తెగింది. వెళ్ళిపోయాడని వాళ్ళు చెప్పింది అబద్ధం కాదు, వాళ్ళకి తెలిసింది అదే. యజమాని తన ఫోన్ తీసి చూపించారు. ఆయన కాల్ చేసిన టైము పన్నెండూ పది.

నా లాగ్ బుక్‌లో ఉన్నది పదకొండు నలభై.

మా అధికారి లాగ్ బుక్ ముందు పెట్టుకుని చాలాసేపు చూశారు. "కంగారులో టైము తప్పేసి ఉంటావమ్మా. పన్నెండు నలభై అయ్యుంటుంది," అన్నారు. ఆ మాట నిజమైతే అందరికంటే నేనే సంతోషించేదాన్ని. కాని బోటు పుస్తకంలో సత్తిబాబు గారు వేసుకున్న టైము పదకొండు నలభై ఎనిమిది. రికార్డరు గడియారం కూడా పదకొండు నలభైనే చూపిస్తోంది. పన్నెండూ ఐదుకి బోటు లారీ ఒక చెక్‌పోస్టు గేటు దాటినట్టు అక్కడి హోంగార్డు రాసుకున్నాడు. ఇంతమంది కలిసి ఒకే తప్పు చేయాలంటే ముందు ఒక మీటింగ్ పెట్టుకోవాలి. మా అధికారి ఫైలు తాడుకి రెండు ముళ్ళు వేశారు.

పది రోజుల తర్వాత ఏసోబు గారు భార్యతో కలిసి కంట్రోల్ రూమ్‌కి వచ్చారు. గొంతు ఇంకా పూర్తిగా రాలేదు. వినగానే నాకు ఒకటి తెలిసిపోయింది, సెట్‌లో విన్నది ఈయన గొంతు కాదు. ఆ సంగతి ఎక్కడైనా ప్రమాణం చేసి చెబుతాను.

"నేనున్నానని చెప్పినాయన్ని ఒకసారి చూపించండమ్మా. దణ్ణం పెట్టుకుని పోతాను," అన్నారు.

ఆయనతో అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. అలాంటాయన ఎవరూ లేరని, ఎవరు చెప్పారో మాకే తెలియదని జరిగింది జరిగినట్టు చెప్పాను. టైము సంగతి కూడా చెప్పాను. ఆవిడ కొంగు నోటికడ్డం పెట్టుకున్నారు. ఆయన మాత్రం ఆశ్చర్యపోలేదు.

"దిమ్మెక్కాక కాసేపు అరిచానమ్మా. ఇంక గొంతు పెగల్లేదు. అప్పుడిక మనసులోనే అనుకుంటా నిలబడ్డాను. మేత షెడ్డు కాడ తొమ్మిది మంది, రెండో గట్టు ఇంజిను దిమ్మ మీద ఒకడు, విడిగా ఉన్నాడు అని. అదే మాట. ఎన్నిసార్లనుకున్నానో. ఎవరన్నా తలలు లెక్కెడితే నన్ను వదిలేస్తారేమోనని భయమేసిందండి."

ఆ మాటలు ఆయన వాంగ్మూలంలో లేవు. మెసేజ్‌లో ఏ వరసలో వచ్చిందో నేను అప్పటిదాకా ఆయనకి చెప్పలేదు.

మస్తాన్ గారు లేచి వాళ్ళిద్దరికీ టీ చెప్పారు. వెళ్ళేటప్పుడు ఏసోబు గారు గదిలో ఉన్న సెట్లన్నిటికీ కలిపి ఒకే దణ్ణం పెట్టుకున్నారు.

నాకు ఇప్పటికీ దయ్యాల మీద నమ్మకం లేదు. పైగా ఇందులో చచ్చిపోయినవాళ్ళెవరూ లేరు కూడా. ఆయన భయపడి అనుకున్న మాటలు ఎలాగో నా చెవికి చేరాయి అనుకుందామన్నా కుదరడం లేదు. పదకొండు నలభైకి ఏసోబు గారు ఇంకా ఏమీ అనుకోలేదు. మేత షెడ్డులో మిగతా తొమ్మిది మంది మధ్య కూర్చుని, యజమాని పంపే ట్రాక్టరు కోసం ఎదురుచూస్తున్నారు.